రవ్వదుక్కి

గ్రీజు గన్ను మూతిని ట్రాక్టరు కీలుకు ఆనించి కోదండరాం మరోసారి నొక్కాడు. పాత గ్రీజు నల్లగా ఉబికి పక్కకు జారింది. దాని వెనక తేనెరంగులో కొత్త గ్రీజు కనిపించేదాకా నొక్కడం ఆయన అలవాటు. అంటిన వేలిని మడ్‌గార్డు కింద తుడిచాడు. ఎప్పుడూ అక్కడే తుడుస్తాడు. ఏళ్ల తరబడి వేలిగుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఆ చోట అసలు రంగు ఏమిటో తెలియకుండా పోయింది.

షెడ్డు ముందు రోడ్డు అప్పటికే మేలుకుంది. చెన్నై శివారున మాధవరం మీదుగా వడపెరుంబాక్కం గోడౌన్లకు వెళ్లే కంటైనరు లారీలు ఒకదాని వెనక ఒకటి మూలుగుతూ కదులుతున్నాయి. ట్రాక్టరు యజమాని బాలసుందరం ఇంకా నిద్ర లేవలేదు. లేచినా కోదండరాంకు ఆయన చెప్పేదేమీ ఉండదు. మర్నాడు ఎవరి చేలో పని అన్నది ముందు రోజే ఫోనులో అనుకుంటారు. ఈ రోజు ఆదిలక్ష్మి చేను.

కోదండరాం అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, కొంచెం దొడ్డికాళ్లతో ఉంటాడు. వెనక దుక్కి ఎలా పడుతున్నదో చూసుకోవడానికి కుడి భుజం మీదుగా తిరిగి తిరిగి చూడటం వల్ల మెడ ఆ వైపే నిలిచిపోయింది. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్లకు ఆయన తమ వెనకున్న మరెవరినో చూస్తున్నట్టు అనిపిస్తుంది. ఎడమ చెవి ఇంజను మోతకు ఏనాడో మందగించింది. అందువల్ల భార్య సీతాలక్ష్మి ఆయన వినవలసిన మాటలు కుడిపక్కకు వచ్చి చెబుతుంది; వినకూడని సణుగుడు ఎడమపక్కన సణుగుతుంది. ఇద్దరికీ ఆ ఏర్పాటు బాగానే కుదిరింది.

తండ్రి ఎద్దులతో కూలికి దున్నేవాడు. తాతల నాటి నుంచీ ఈ చుట్టుపక్కలే ఉన్న తెలుగు కుటుంబం. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. వాళ్ల ఎద్దులకు కూడా తెలుగే వచ్చు. ఇంకెవరైనా తోలబోతే అడుగు కదిపేవి కావు. ఎద్దులు అమ్మేశాక కోదండరాం కొన్నేళ్లు సౌకార్‌పేట గోడౌనులో మిరపకాయల బస్తాలు మోశాడు. ఆ ఘాటు ఒంటికి పట్టి, రాత్రి స్నానం చేసినా చెమటలోంచి వచ్చేది. బాలసుందరం తండ్రి ట్రాక్టరు కొన్నాడని తెలిసిన రోజే బస్తా దింపి, తలగుడ్డ దులుపుకుని వచ్చేశాడు. మొదట్లో బండి వెనక కట్టింది ఇనప కొర్రుల గొర్రు. తరవాత రోటవేటరు వచ్చింది.

ఆ మొదటి రోజు ఆయనకు ఇప్పటికీ బాగా గుర్తు. గిర్రున తిరిగే ఆ బ్లేళ్ల వెనక మట్టి ఉప్మారవ్వలా రాలిపడింది. పెళ్ల అన్నది లేదు. గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్లు దిగివచ్చి గుప్పెళ్లలోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి వదిలి చూశారు. ఎవరో ‘రవ్వదుక్కి’ అన్నారు. ఆ పేరు నిలిచిపోయింది. రోటవేటర్లు చాలామంది తెచ్చారు కానీ, కోదండరాం దున్నితే వచ్చేంత సన్నమట్టి ఎవరి చేతిలోనూ రాదనేవాళ్లు. చాలుకూ చాలుకూ మధ్య వేలెడు కూడా వదలడు. మూలల్లో సైతం బండిని వెనక్కి తెచ్చి, మళ్లీ తిప్పి, గట్టు అంచుదాకా దున్నుతాడు. బడిలో గానీ, గోడౌనులో గానీ, అత్తవారింట్లో గానీ ఆయనను ఎవరూ ఏ విషయంలోనూ మెచ్చుకున్నది లేదు. మెచ్చుకోలు ఏదైనా ఉంటే అది ఈ రవ్వ ఒక్కటే.

బండి రోడ్డెక్కింది. గోడౌన్ల మధ్య నుంచి వెళుతుంటే ఆయనకు కాంక్రీటు కింది నేలలు గుర్తొస్తాయి. ఆ పెట్టెల గోడౌను కింద వేరుసెనగ. ఆ కల్యాణమండపం కింద వరి. ఆ పెట్రోలు బంకు దగ్గర చవుడు నేల, ఎంత తిప్పినా పొడి అయ్యేది కాదు. బాధ ఏమీ లేదు. తెలిసినవాళ్ల ఇళ్ల ముందు నుంచి పోతున్నట్టు పోతాడు, అంతే. ఎడమ భుజం ఉదయం నుంచి లాగుతోంది. స్టీరింగు బరువెక్కిందనుకున్నాడు.

ఆదిలక్ష్మి చేనుకు రెండు వైపుల గోడౌన్ల ప్రహరీలు, ఒక వైపు గుర్రపుడెక్క నిండిన కాలువ. భర్త రామసామి ఉన్నప్పుడు చుట్టూ చేలే ఉండేవి. ఆయన పోయాక కొనడానికి ఎంతోమంది వచ్చారు. ఆమె అమ్మలేదు. బెండ, వంగ వేసి కోయంబేడు మార్కెట్టుకు పంపుతుంది. రామసామిని ‘అన్నా’ అని పిలిచే వరసన కోదండరాం ఆమెను వదినా అంటాడు.

“ఏం కోదండం, పొద్దెక్కిపోయిందే!” గట్టు మీద నుంచే అడిగింది.

“మలుపు కాడ కంటైనరు తిరగలేక నిలబడిపోయినాది వదినా. ముందుకు పోదు, ఎనక్కి రాదు. ఏం జేసేది?”

“కాకా, జర ఆగండి! బండి దించకండి!” చేలోంచి ఒక అమ్మాయి చెయ్యి ఊపుతూ వచ్చింది.

ఆమె హైందవి. కరీంనగర్ వైపు పిల్ల. చెన్నైలోనే ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. మొదటిసారి ఆమె తనను ‘కాకా’ అని పిలిచినప్పుడు కోదండరాం ఇంటికి వెళ్లి భార్యతో, “ఆ పిల్ల నన్ను కాకి అంటా ఉండాదే” అన్నాడు. అరవంలో కాక్కా అంటే కాకి కదా. వాళ్ల వైపు బాబాయిని అలా పిలుస్తారని తెలిశాక కూడా, ఆ పిలుపు వినగానే ఆయన పెదవి మీద చిన్న నవ్వు కదులుతుంది.

మూడేళ్ల కిందట ఆమె ఆదిలక్ష్మిని ఒప్పించి చేనును రెండు భాగాలు చేసింది. సేద్యం చేసే తీరును బట్టి నేలలో వానపాములు ఎలా బతుకుతాయో చూడటం ఆమె పని. ఒక సగంలో ఎప్పటిలాగే అంతా: పంటకు ముందు కోదండరాం రోటవేటరు, గుళికల మందు, యూరియా. రెండో సగంలో దుక్కి లేదు. ఎండుగడ్డి, పాత పంట కట్టె నేల మీదే పరచి, పేడ వేసి, గడ్డి తొలగించి చిన్న గుంటల్లో విత్తనం పెడతారు. విత్తనమూ నీళ్లూ రెండు వైపులా ఒకటే. ఆ దున్నని సగం వైపు కోదండరాం ఎప్పుడూ సరిగా చూడడు. మంగలి ముందు మాసిన గడ్డంతో మనిషి కూచున్నట్టు ఉంటుంది ఆయనకు.

“మీరు దున్నకముందే గుంత తవ్వి చూసుకోవాలె. ఇదే ఆఖరు పంట కాకా, దీంతోని నా లెక్క అయిపోతది.”

“నేలలో ఏముంటాది పాపా, మన్ను కాకుండా?”

“గదే చూద్దాం రండి.”

ఎప్పుడూ ఆయన వచ్చేసరికి ఆమె పని ముగించుకుని ఉండేది. ఈసారి బస్సు దొరక్క ఆలస్యమైంది. ఎప్పుడూ దున్నే సగంలో చదరపు ఇనప చట్రం ఒకటి నేల మీద పెట్టి, పారతో తవ్వసాగింది. నాలుగు దెబ్బలకే ఊపిరి ఎగబోసుకుంటుంటే కోదండరాం చూడలేక బండి దిగాడు.

“ఇట్లియ్యి.”

పై మట్టి పంచదారలా తెగింది. జానెడు దిగగానే పార ఖంగుమంది. రాయేమోనని పక్కన వేశాడు. అక్కడా ఖంగుమంది. చట్రంలో నాలుగు మూలలా అంతే. వదులు మట్టి చేత్తో తోడి చూస్తే, అడుగున నేల అరుగులా నున్నగా, గట్టిగా మెరుస్తోంది.

“రాయి కాదు కాకా. రోటవేటరు ఎప్పుడూ ఆ లోతుకే తిరుగుతది కదా. పైన పిండి చేస్తది, కింద దిమ్మిస కొట్టినట్టు అయితది. మీద బండి బరువొకటి.”

ఆయన మోకాళ్ల మీద కూచుని అరచేతిని ఆ అడుగున పెట్టాడు. చల్లగా ఉంది. సిమెంటు చేసిన ఇంటి గచ్చు మీద పెట్టినట్టు ఉంది. ఇన్నేళ్లు ఈ నేలను దున్నాడు కానీ, తాను దున్నిన చోట జానెడు లోతున ఏముందో చెయ్యి పెట్టి చూసినవాడు కాదు. బండి మీద కూచున్నవాడికి ఆ అవసరం ఎప్పుడు వస్తుంది?

హైందవి తవ్వితీసిన మట్టిని తెల్లటి ప్లాస్టిక్ పట్టా మీద పోసి వేళ్లతో చిదుపుతూ వెతికింది. ఆదిలక్ష్మి కూడా కూచుంది. చాలాసేపటికి దారప్పోగులాంటి వానపాము ఒకటి దొరికింది. తరవాత మరొకటి, దాని తోక ఎప్పుడో తెగి మొండిగా మానింది. అంతే. ఆ తరవాత ఆవపిండి కలిపిన నీళ్లు గుంటలో పోసింది. లోతుగా బొరియల్లో ఉండేవి ఆ ఘాటుకు పైకి వస్తాయట. నీళ్లు గుంటలో పసుపుపచ్చగా నిలబడిపోయాయి. కిందికి దిగలేదు, ఏదీ పైకి రాలేదు. మబ్బుల్లో విమానం ఒకటి నీడలా ఆ నీళ్లలో కనిపించి పోయింది.

“ఇప్పుడు ఆడ తవ్వుదాం పదండి,” అంది.

దున్నని సగంలో ఎండుగడ్డి పక్కకు తీసి చట్రం పెట్టారు. కోదండరాం గట్టిగా నేలను కొట్టబోయి, పార దానంతట అదే దిగిపోవడంతో ముందుకు తూలాడు. మట్టి నల్లగా, శనగబద్దల్లాంటి ఉండలుగా విడింది. పెళ్ల తిరగేస్తే దాని నిండా సన్నని బెజ్జాలు. ప్రతి పెళ్లలోంచీ ఏదో ఒకటి మెరుస్తూ లోపలికి ముడుచుకుంటోంది. పట్టా మీద పోసేసరికి తెల్లటి ప్లాస్టిక్ అంతా కదలడం మొదలుపెట్టింది. ఎర్రవి, బూడిదరంగువి, మెడ దగ్గర పట్టీ వేసుకున్నట్టు ఉన్న పెద్దవి, గోరంత పిల్లలు. ఆవపిండి నీళ్లు పోస్తే గుంట వాటిని గుటగుటా తాగేసింది. కాసేపటికి బొరియల్లోంచి పొడుగాటివి తలలు బయటపెట్టాయి.

“మంట పుట్టదా వాటికి?” కోదండరాం అడిగాడు.

“పుడ్తది కాకా. అందుకే ఎంటనే మంచినీళ్లల్ల కడుగుతం.” ఆమె ఒక్కొక్కదాన్నీ వేలితో ఎత్తి నీళ్ల గిన్నెలో వేస్తోంది.

“చిన్నప్పుడు ఈ ఎర్రల్ని గాలానికి గుచ్చి పుళల్ చెరువులో చేపలు పట్టినాము. ఏడ తవ్వినా దొరికేవి.” దున్నే సగం వైపు తిరిగి చూశాడు. “అయితే ఆ పక్క అవి లేకుండా పోయింది నా బండి వల్లనా?”

హైందవి చేతులు కడుక్కుంది. “బండి ఒక్కటే కాదు. గుళికల మందున్నది, కట్టెకు అగ్గి పెట్టుడున్నది, పేడ ఎయ్యకపోవుడున్నది. అన్నీ కల్సినయి. కానీ బండి కూడా ఉన్నది కాకా. కొన్ని తెగిపోతయి. కొన్ని ఎండకు పడి చస్తయి. మిగిలినవాటికి ఇల్లు ఉండది, తిండి ఉండది.”

“మా నాయిన నాగలికి తెగలేదా?”

“తెగేటివి. అయితే నాగలి ఏడాదికి ఒకపారో రెండుపార్లో. చాలుకు చాలుకు నడుమ కొంత జాగ మిగులుతుండె. తప్పించుకున్నయి తప్పించుకుంటుండె. రోటవేటరు జాగ ఇడువది.”

కోదండరాం ముఖం కందిపోయింది. లేచి నిలబడ్డాడు.

“రవ్వలాగా దున్ను, రవ్వలాగా దున్ను అని అందరూ నన్నే పిలిస్తిరే! ఒక్కరన్నా వద్దంటిరా? వేలెడు జాగా వదిలిపెడితే ఆ పక్క చేను వాళ్లు వచ్చి చూసి నవ్వతా ఉండిరే. అప్పుడు ఏడ పోయినాయి ఈ మాటలు?”

“మేమే పిలిచినాము కోదండం,” అంది ఆదిలక్ష్మి నెమ్మదిగా. “మీ అన్న కూడా నీ కోసరమే కాచుకోని ఉండేవాడు.”

ఆయన వెళ్లి బండి ఎక్కాడు. రోటవేటరు దించి, వేగం పెంచాడు. కోపంలోనూ చాలు వంకర పోలేదు. చేతులకు వంకర రాదు. కాలువ వైపు నుంచి మొదలుపెట్టి, ప్రహరీదాకా వెళ్లి, తిరిగి, మళ్లీ వచ్చాడు. అలవాటు చొప్పున కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు.

వెనక మట్టి రాలుతోంది. మట్టి తప్ప ఇంకేమీ లేదు.

ట్రాక్టరు నడిపిన కొత్తలో ఆయన వెనక ఎప్పుడూ కొంగలు ఉండేవి. తెల్లగా, పొడుగు కాళ్లతో, అడుగులో అడుగు వేసుకుంటూ చాలు వెంట నడిచేవి. వాటి మధ్య గోరువంకలు తగువులాడుకునేవి. బండి తిరిగితే అవీ తిరిగేవి. రోజంతా ఒంటరిగా ఇంజను మోతలో ఉండే మనిషికి అదొక తోడు. కూతురు ప్రణతి చిన్నప్పుడు ఒకసారి పక్కన కూచోబెట్టుకుని, “చూడు, మన బండి చప్పుడు వింటే చాలు, ఏడున్నా వచ్చేస్తాయి” అని గొప్పగా చూపించాడు. ఇప్పుడు ప్రణతి పురసవాక్కంలో చీరల కొట్టులో పని చేస్తోంది; ఇంట్లో కూడా అరవమే ఎక్కువ మాట్లాడుతుంది. ఆ కొంగలు ఏడాదికేడాది పలచబడ్డాయి. గోడౌన్ల దీపాలకు, లారీల హారన్లకు బెదిరిపోయాయనుకున్నాడు. అలా అనుకోవడంలో కష్టమేమీ లేకపోయింది.

అవి వచ్చింది దేనికో ఇందాక తెల్లటి పట్టా మీద చూశాడు.

బండి నడుస్తూనే ఉంది. ఎన్ని చాళ్లు తిరిగాడో ఆయనకు తెలియలేదు. ఎండ నెత్తికి వచ్చింది. దున్నని సగం పక్కన కొద్ది మేర మిగిలి ఉండగా బండి ఆపాడు. ఇంజను ఆగాక చెవిలో మోత మాత్రం చాలాసేపు ఆగలేదు.

ఆదిలక్ష్మి గట్టు మీదికి చెంబులో అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ తెచ్చింది. హైందవి అవతల పంపు దగ్గర సామాను కడుక్కుంటోంది. ఆయన తాగుతున్నంతసేపు ఆదిలక్ష్మి గడ్డిపోచ ఒకటి ముక్కలు ముక్కలుగా తుంచుతూ కూచుంది.

“కోదండం, ఒక మాట.”

“చెప్పు వదినా.”

“వచ్చే పంటకు ఈ పక్క కూడా ఆ మాదిరే చేద్దామని ఉండాను. మొన్న వానకు చూస్తివి కదా, ఈడ నీళ్లు మూడు దినాలు నిలబడి వంగ కుళ్లిపోయె. ఆడ తెల్లారేసరికి ఇంకిపోయె. ఇంక దుక్కి అక్కరలేదు.” ఆగింది. “నిన్ను రావద్దని చెప్పేదానికి నాకు నోరు రాలా. నాలుగు దినాలనుంచీ అనుకుంటా ఉండా.”

కోదండరాం చెంబు కింద పెట్టాడు. ఈ చేను ఒక్కటి పోతే పని పోదు. కానీ ఈ రోడ్డు మీద ఆయన దున్నే చేలు ఏడాదికి ఒకటి చొప్పున కాంక్రీటు కిందికి పోతున్నాయి. చేను చేనుగానే ఉండి తనను వద్దనడం ఇదే మొదలు.  

“వద్దన్నది పనినే కదా వదినా. మనిషిని కాదు కదా.”

“అయ్యో, ఏం మాట అది! నువ్వు రాకుండా ఎట్లుంటావు?”

“వస్తా. అంబలి తాగేదానికి వస్తా.”

ఆమె నవ్వింది. కళ్లు మాత్రం పైటకొంగుతో తుడుచుకుంది.

ఆయన లేచి, చెప్పులు గట్టు మీద విడిచి, దున్నని సగంలోకి దిగాడు.  పరచిన గడ్డి మీద అడుగు వేస్తే పాదం మెత్తగా, కొంచెం లోపలికి దిగింది. ఎత్తితే నేల మళ్లీ పైకి లేచినట్టు అనిపించింది. గడ్డి కింద తడి చల్లగా తగిలింది. చిన్నతనంలో తండ్రి నాగలి వెనక చాలులో నడిచినప్పుడు పాదాలకు ఇలాగే ఉండేది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఆయనకు గుర్తు లేదు. పాదాలు మరచిపోలేదు కాబోలు. అవతలి గోడదాకా నడిచి, నెమ్మదిగా తిరిగి వచ్చాడు.

హైందవి వచ్చి పక్కన నిలబడింది. “కోపమొచ్చిందా కాకా?”

“వచ్చినాది. పోయినాది.” గట్టిపడిన సగం వైపు చూపించాడు. “దున్నకుండా వదిలేస్తే, కింద ఆ గచ్చు మాదిరి ఉండాదే, అది పోతాదా?”

“పోతది. కానీ జల్దీ పోదు. ఈ పక్కనుంచి వానపాములు నిదానంగ ఆ పక్కకు పోవాలె. అవి బొరియలు చేసుకుంట పోతుంటే నీళ్లు దిగుతయి, ఏర్లు దిగుతయి. కొన్నేండ్లు పట్టొచ్చు.”

“ఏ పక్కనుంచి పోతాయి?”

“ఇగో, ఈ అంచుకెల్లి.”

అది ఆయన ఇంకా దున్నకుండా మిగిల్చిన చోటే. రెండు సగాలు కలిసే అంచు వెంబడి, బండి ఒక్కసారి వెళ్లేంత మేర. కోదండరాం దాన్ని చాలాసేపు చూశాడు.

“దీన్ని దున్నకపోతే నీ లెక్క చెడిపోతాదా పాపా?”

ఆమె ఆలోచించింది. “లేదు. అంచుల నేను ఎట్లాగూ గుంత తియ్య. రెండు దిక్కులవీ కలిసిపోతయని ముందుగాలే వదిలిపెట్టిన.”

“సరి.”

బండి ఎక్కి, రోటవేటరు పైకెత్తాడు. మిగిలిన ఆ మేర మీదికి చక్రం కూడా ఎక్కకుండా, దున్నిన వైపు నుంచే ఒళ్లు దగ్గర పెట్టుకుని బండిని బయటికి తీశాడు. వెనక సన్నటి రవ్వనేల, దాని అంచున గడ్డీ గాదమూ మొలిచిన బారెడు పట్టీ. ఎవరైనా చూస్తే కోదండానికి చూపు ఆనడం లేదనుకుంటారు. అనుకోనీ అనుకున్నాడు. ఎందుకో తేలికగా ఉంది. ఆదిలక్ష్మి గట్టు మీద నుంచి చెయ్యెత్తింది. హారను ఒకసారి నొక్కి రోడ్డెక్కాడు.

పొద్దు ఉండగానే బండి షెడ్డులో పెట్టి, బాలసుందరానికి తాళం ఇచ్చాడు. “ఎన్న కోదండం, ముడిఞ్జుదా?” అని పని అయిందేమో అడిగితే, “ముడిఞ్జుదు సార్” అన్నాడు. నడిచి ఇంటికి వచ్చేసరికి సీతాలక్ష్మి వాకిట్లో నీళ్లు చల్లుతోంది. ఆయన పాదాల వైపు చూసింది.

“చెప్పులేవీ?”

కోదండరాం కూడా అప్పుడే చూసుకున్నాడు. మడమల పగుళ్లలో నల్లమట్టి ఎండి ఉంది. “వదిన చేను కాడ వదిలేసినా. ఏదో ఆలోచనలో ఉండా, తెలియలా. రేపు పోయి తెచ్చుకుంటా.”

“మంచిగా మరిచిపోతివి. రోడ్డంతా గాజుపెంకులు.” విసుక్కుంటూనే కాళ్లకు నీళ్లు పోసింది. ఆయన కడుక్కుంటూ, కొంచెం ఆగి, “ఆడ నేల కాలు పెడితే దిగతా ఉండాదే సీతా,” అన్నాడు. “మా నాయిన దున్నిన నేల మాదిరి.”

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. పని అయిపోయి సంతోషంగా ఉన్నాడని మాత్రం అనిపించింది. భుజం లాగుతోందంటే కొబ్బరినూనె వెచ్చచేసి రాసింది. మజ్జిగ అడిగాడు. ఉప్పు, కరివేపాకు వేసి కలిపి తెచ్చేసరికి వరండాలో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర పట్టిందనుకుని, గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచింది. దోమలు కుడతాయని టేబులు ఫ్యాను తెచ్చి ఆయన వైపు తిప్పింది. దీపం పెట్టే వేళకు ప్రణతి పని నుంచి వచ్చి, తండ్రిని లేపబోయి, చేయి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చావు కబురు విని ఆదిలక్ష్మి వచ్చింది. హైందవి కూడా వచ్చింది. ఏ వరసన ఏడవాలో తెలియక గడప బయటే నిలబడింది. బాలసుందరం షెడ్డు ఒక రోజు మూసి, తరవాత వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. పెద్ద వానలు ఆ వారమే మొదలయ్యాయి. నగరంలో ఎప్పుడూ మునిగే వీధులన్నీ మునిగాయి. కొన్ని రోజులపాటు చేను దగ్గరికి ఎవరూ పోలేకపోయారు.

వాన తెరిపిచ్చిన పొద్దున ఆదిలక్ష్మి వెళ్లింది. దున్నిన సగంలో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తోంది. రెండో సగంలో నీళ్లు లేవు. గడ్డి మాత్రం తడిసి నల్లబడింది. నడుమ కోదండరాం వదిలిపెట్టిన పట్టీ వెంట సన్నగా పచ్చిక లేచింది. అక్కడక్కడ తడిమట్టి మీద చిన్న చిన్న ముద్దలు, వానపాములు రాత్రి పైకి నెట్టినవి, పేర్చినట్టు ఉన్నాయి. ఆమె వంగి చూసింది, కానీ ముట్టుకోలేదు. దూరంగా కాలువ అవతల లారీ ఏదో హారను కొడుతూనే ఉంది.

తిరిగి గట్టెక్కబోతూ ఆగింది. అక్కడ నీలం పట్టీల రబ్బరు చెప్పులు జతగా ఉన్నాయి, విడిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, చేను వైపు తిరిగి. ఎడమ చెప్పులో, బొటనవేలు ఒత్తుకుని గుంటపడిన చోట, కాసిన్ని వాననీళ్లు నిలిచి ఉన్నాయి.